ఈశ్వరి తీగ నాటిన పెద్దమ్మ

మా అపార్ట్‌మెంట్ తోట చూసుకునే పెద్దమ్మ పోయిందని సోమవారం ఆఫీసుకు బయల్దేరుతుంటే వాచ్‌మన్ చెప్పాడు. పాలమూరు వైపు సొంతూరికి వెళ్లింది, అక్కడే గుండె ఆగిందట. ఆమె విషయంలో నేను చేసిన తప్పు ఒకటుంది. అది చెప్పకుండా ఆమెను తలచుకోవడం నావల్ల కాదు.

గోపన్‌పల్లిలో ఈ అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు ఆమె ఇక్కడ కూలీ. తర్వాత తోటపనికి కుదిరింది. మా బ్లాకుల వెనక, మురుగు నాలా దాకా ఉన్న జాగా నిండా సిమెంటు పెళ్లలు, పగిలిన టైల్స్ ఉండేవి. రోజూ పనయ్యాక వాటిని తట్టతో ఎత్తిపోసి, అక్కడ ఈశ్వరి తీగలు నాటింది. ఎందుకని అడిగాను. నల్లరెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్న సీతాకోకచిలుకలు ఒకప్పుడు ఇక్కడ బాగా తిరిగేవని, ఈ తీగ మీదే గుడ్లు పెడతాయని, ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఆ తీగ ఒక్కటీ లేదని చెప్పింది.

"పునాది తవ్వేటప్పుడు ఆ తీగలన్నీ నా చేతులతోనే పీకిన సార్."

రెండో ఏడు వానలకు ఆ సీతాకోకచిలుకలు వచ్చాయి. కొన్నాళ్లకు తీగల నిండా గొంగళిపురుగులు. పిల్లలు తిరిగే చోటని ఫిర్యాదులు మొదలయ్యాయి. అప్పుడు అసోసియేషన్ సెక్రటరీని నేనే. మందు కొట్టేవాళ్లను పిలిపించానని తెలిసి ఆమె వచ్చింది.

"ఈ ఆకు తప్ప అవి ఇంకోటి ముట్టవు సార్. జర పది రోజులు ఆగుర్రి, గూళ్లు కట్టుకుంటయి."

చూద్దామన్నాను. శనివారం మందు కొట్టించాను.

మధ్యాహ్నం వెళ్తే, రాలిన పురుగులను ఒక్కొక్కటే ఏరి చేటలో వేస్తోంది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగి, మళ్లీ ఏరసాగింది. తిట్టినా బాగుండేది. సెలవడిగి ఊరికెళ్లి, తడిగోనెలో చుట్టిన కొత్త తీగలతో తిరిగొచ్చింది. మందు పడిన తీగలు, మట్టి తీసేసి కొత్తమట్టి పోస్తుంటే నేనూ వెళ్లి తట్ట అందుకున్నాను. నాలుగు తట్టలకే నడుం పట్టేసింది. ఆమె నవ్వింది. తప్పయిపోయిందన్నాను.

"మీకు తెల్వదు. నాకు తెలుసు. నేనే గట్టిగ చెప్పకపోతి."

తప్పులో సగం తన మీద వేసుకున్న ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మరుసటి ఏడు మొదటి సీతాకోకచిలుక కనబడగానే ఇంటర్‌కమ్‌లో నన్నే పిలిపించింది. ఇంట్లో ఆన్‌లైన్ మీటింగ్ మధ్యలో లేచి కిందికి దిగాను. వేలు పెట్టి చూపిస్తే బెదురుతుందని ఆమె ఎప్పుడూ గడ్డంతోనే చూపించేది. మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ ఇప్పుడదే అలవాటు.

నిన్న సాయంత్రం ఆ తీగల దగ్గరికి వెళ్లాను. తీగ ఒకటి కంచె దాటి, కొత్త టవర్ కోసం చదును చేస్తున్న పక్క స్థలంలోకి పాకింది. పారతో మట్టి లాగుతున్న ఒక కూలీ దాని దగ్గర ఆగింది. పార పక్కన పెట్టి, కొస తెగకుండా తీగను రెండు చేతులా ఎత్తి, కంచె మీద సర్ది వేసింది. మళ్లీ పనిలోకి వంగింది.