అప్పన్న పేరు చెప్పాను

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పకే. హాయిగా తిని, తిరిగి, ప్రమోషన్లు కొట్టేసి, తీరిక దొరికినప్పుడు మాత్రం బరువు బరువు అనుకున్నాను. నా పేరు మీకు చెప్పను. ఆ మాత్రం ధైర్యం ఉంటే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు.

అప్పుడు నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. అప్పన్న నా కింద సామాన్లు అందించే ఖలాసీ, నాకంటే పదేళ్లు పెద్ద. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా వెనక వరసే. అయినా అతన్ని ఒరే అనేవాణ్ని. ఆదివారాలు మా సాహెబు, అంటే మా షాపు ఇంజనీరు, బంగళాకి వెళ్లి ఆయన పాత కారు బాగుచేయడం మా భక్తి. ఖలాసీలకి ట్రేడ్ టెస్ట్ పెట్టేది ఆయనే. పాసైతే అప్పన్న ఫిట్టర్ అవుతాడు. అందుకని వచ్చేవాడు పాపం. మరి నేనెందుకు వెళ్లేవాణ్ని? సాహెబు నన్ను పేరు పెట్టి పిలుస్తాడని. అంతే. థూ.

ఆ ఆదివారం ఇంజిన్లో టైమింగ్ చెయిన్ టెన్షనర్ మార్చాం. చెయిన్ వదులు కాకుండా నొక్కిపట్టే చిన్న సామాను అది. కొత్తదాన్ని బిగించాక లోపల ఎలెన్ కీ పెట్టి తిప్పి వదలాలి. అప్పుడే ముందుకొచ్చి చెయిన్‌ని పట్టుకుంటుంది. నేను తిప్పడం మరిచాను. కవరు పెట్టి మొదటి బోల్టు ఎక్కిస్తుంటే అప్పన్న వంగి చూశాడు.

"బాబూ, టెన్షనరు తిప్పి వొదిలినారేటి? నాను సూడనేదు."

"నువ్వేట్రా నాకు సెప్పేది? ఆ గుడ్డ ఇలా అందియ్యి."

అతను అన్నది నిజమని నాకు ఆ క్షణమే తెలుసు. నిమిషం పని. కానీ ఖలాసీ చెబితే నేను బోల్టు విప్పడమా? మిగతా బోల్టులు ఇంకా గట్టిగా బిగించాను. ఇంజిన్ గలగలమంటే, కొత్త సామాను కదా, సర్దుకుంటుందని సాహెబుకి చెప్పాను. ఆ మహానుభావుడు తలూపాడు. ఇంజనీరట!

వారం తిరక్కుండా, సాహెబు కారులో వెళ్తుంటే ఊళ్లోనే ఇందా అనే పేట దగ్గర చెయిన్ పళ్లు దాటి ఇంజిన్ నాశనమైంది. కవరు విప్పింది నేనే. టెన్షనర్ తిప్పకుండా అలాగే ఉంది. ఇది బిగించిందెవడని సాహెబు అరిచాడు. అప్పన్న అన్నాను. ఎంత సులువుగా అన్నాను! అప్పన్న నా వైపు చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, "మరిసిపోనాను సార్" అన్నాడు.

నాకు జాలి కలగలేదు. అసహ్యం వేసింది. ఇంత చచ్చు మనిషికి ఫిట్టర్ పని ఎందుకు అనుకున్నాను. కాదంటే మర్నాడు మళ్లీ నా కిందే బతకాలని అతను నోరు మూసుకున్నాడని నాకు తెలియదా? తెలుసు. తెలిసే, ఆ అసహ్యాన్ని ఏళ్ల తరబడి పెంచుకున్నాను, అది నాకు పనికొచ్చింది కనుక.

ఆ నెల టెస్టులో సాహెబు అతన్ని ఫెయిల్ చేశాడు. తర్వాత రెండుసార్లూ అంతే. ఖలాసీగానే రిటైరయ్యాడు. ఆ రోజు దండ వేసి, ఎన్నడూ ఎదురు చెప్పని మనిషని పొగిడింది నేనే. జనం చప్పట్లు కొట్టారు.

పోయిన నెల అప్పన్న పోయాడు. అందుకే రాయగలుగుతున్నాను. రిటైరై క్వార్టరు వదిలాక, బతికున్నన్నాళ్లూ తాల్‌బగీచాలో అతని గుమ్మం నాకు సైకిల్ మీద పది నిమిషాలు. వెళ్లలేదు. టెన్షనర్ తిప్పనిది నేను. తెలిసి తెలిసి కవరు మూసింది నేను. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు? చెప్పేశాను. గుండె తేలికపడింది. సిగ్గులేని గుండె.