జానెడు తేడా

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం రాయడం రాకపోవడమే. జఫర్‌గఢ్‌లో నన్ను బడిలో వేద్దామనుకున్న ఏడాదే 1969 తెలంగాణ ఉద్యమం వచ్చి బడి మూతపడింది. తర్వాత బడి తెరిచారు గానీ, అప్పటికే నా చేతికొచ్చిన మేకలు నన్ను వదల్లేదు. అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, ఉద్యోగం చివరి ఏళ్ళలో.

ఎనభైల మొదట్లో, ఒక వానాకాలం, భూపాలపల్లి అడవులు దాటాక గోదావరి ఒడ్డున నీటిమట్టం కొలిచే చోట నన్ను రోజుకూలి ఖలాసీగా పెట్టుకున్నారు. ఖలాసీ అంటే అందరికన్నా కింది మెట్టు. నిజంగానే, మెట్లన్నీ దిగి నీళ్ళలో నిలబడేది మేమే. అంకెలు వేసిన గేజి స్తంభాలకు పట్టిన ఒండ్రు కడగడం నా పని. కడిగిన ప్రతిసారీ స్తంభం మీది నల్ల పట్టీలు ఎన్ని మునిగాయో లెక్కపెట్టి, షెడ్డు గోడమీద బొగ్గుతో అన్ని గీతలు గీసేదాన్ని. సంతకం రాని మనిషి పని చేసిందనడానికి ఏదో ఒక సాక్ష్యం ఉండాలి కదా.

నది ఎగువన వేరే రాష్ట్రాలది, దిగువన మనది. అందుకని కేంద్రం, రాష్ట్రం కలిసి కొలవాలని ఏర్పాటు. కలిసి అంటే ఎవరి స్తంభం వారిది, ఎవరి పుస్తకం వారిది. కేంద్రం తరఫున కోస్తా నుంచి వచ్చిన మూర్తిగారు, రాష్ట్రం తరఫున స్టేషన్ ఘన్‌పూర్ యాదగిరన్న పరిశీలకులు. వరదప్పుడు గంటగంటకూ ఇద్దరూ విడివిడిగా దిగి, చూసి రాయాలి. ఆ కొలత వైర్‌లెస్‌లో దిగువ ఊళ్ళకు పోతుంది. రాష్ట్రం వారి స్తంభం జానెడు లోతుగా పాతారు కనుక, అవే నీళ్ళకు వారి అంకె ఎప్పుడూ జానెడు ఎక్కువ. సున్న ఎక్కడుండాలో తేల్చే ఉత్తరాలు రెండు ప్రభుత్వాల మధ్య నడుస్తూనే ఉండేవి.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి కుండపోత. మూర్తిగారు గడప దాటకుండా, గంటకో పట్టీ పెరిగిందని అందాజు వేసి రాశారు. యాదగిరన్న అదే తన పుస్తకంలోకి దించుకున్నాడు. ఒంటిగంట, రెండు, మూడు, అన్ని కొలతలూ అలాగే పడ్డాయి. అంతలో కేంద్రం ఇంజనీరు జీపులో తనిఖీకి వచ్చాడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసి, ఇంత చక్కని సహకారం ఇంకెక్కడా చూడలేదన్నాడు. మూర్తిగారు వినయంగా తల వంచారు.

నా గోడమీద మాత్రం పన్నెండు గంటలప్పటికన్నా తొమ్మిది గీతలు పెరిగాయి. పుస్తకాల్లో పెరిగింది మూడు పట్టీలే. నాలుగింటి కబురు ఆ లెక్కతో పోతే, దిగువన ఎవరూ పశువులను మెరకకు తోలుకోరు. చెబుదామంటే, నన్ను పర్మనెంటు చేసే కాగితం అదే ఇంజనీరు సంచిలో ఉంది. దానిమీద పరిశీలకులిద్దరి సంతకాలూ పడాలి. యాదగిరన్న నా ముఖం చూసి పసిగట్టాడు.

"జర ఊకో రాజమ్మా," అన్నాడు మెల్లగా. "నీ కాయితం మీద దస్కతు పెట్టేది మేమే."

ఊరుకుందామనే అనుకున్నాను. ఇంజనీరుకు టీ గ్లాసు అందిస్తుంటే నోరు ఆగలేదు.

"సారూ, గా రెండు బుక్కులు ఒక్కతీరుగ ఎట్లుంటయి? యాదగిరన్న దాంట్ల జానెడు ఎక్కువ రావాలె గద."

ఇంజనీరు టీ పక్కన పెట్టాడు. అందరం వానలో ఒడ్డు దిగాం. నా గీతల లెక్కే నీళ్ళ లెక్క. సరిచేసిన కబురు నాలుగింటికే పోయింది. పైకొచ్చాక మూర్తిగారు తల తుడుచుకుంటూ, "ముందు మాతో చెప్పొచ్చుగా రాజమ్మా" అన్నారు. ముందు చెప్పాలంటే వారు ఒడ్డున కనిపించాలి.

తర్వాత ఇద్దరికీ మెమోలు వచ్చాయి, దాదాపు ఒకే మాటలతో. రెండు ప్రభుత్వాలూ ఒకే మాట రాయడం నా ఉద్యోగంలో అదొక్కసారే చూశాను. నా కాగితం మీద సంతకాలు పడడానికి మరో రెండు వానాకాలాలు పట్టింది.

నాకు తెలిసొచ్చింది ఇంతే: రెండు పుస్తకాలు తేడా లేకుండా కలిస్తే, ముందు గొడుగులు తడిశాయో లేదో చూడాలి.

ఆ తనిఖీ మరునాడు పొద్దున ఆరింటికి స్తంభం కడిగి, నీటి అంచున కనిపించిన అంకె ఆకారాన్ని మనసులో పట్టుకుని వచ్చి, గోడమీద గీతల పక్కన బొగ్గుతో దించాను. అదేం అంకె అని యాదగిరన్నను అడిగాను. ఆయన గోడ చూసి చెప్పేయకుండా, స్తంభం దగ్గరే చూద్దామని గొడుగు తీసుకుని నా వెంట ఒడ్డు దిగాడు.