వెనక సీటును అడిగిన మేస్త్రీ

మా కారు చూసే మేస్త్రీ గారు పోయారని మొన్న మంగళవారం పొద్దున వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే వెళ్ళిపోయారట. కాలేజీలో పాఠం చెప్పడానికి బయల్దేరబోతున్న నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ముందు ఏడుపు రాలేదు. ఇక అమ్మను గుంటూరు ఎలా తీసుకెళ్ళాలి దేవుడా అనిపించింది. మనిషి పోతే నా అవసరం గుర్తొచ్చిందని నా మీద నాకే ఒళ్ళు మండింది.

మూడేళ్ళ కిందట అమ్మ కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ జారిపడింది. వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ అయ్యాక చిలకలూరిపేట దగ్గర మా ఊరి నుంచి గుంటూరు ఆస్పత్రికి నెలకు రెండుసార్లు వెళ్ళాలి. ఆటో ఒక్క గుంటలో పడితే చాలు, అమ్మ కెవ్వున అరిచేది. మెత్తగా పోయే బండి కావాలి. గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరు గారు పదిహేనేళ్ళు వాడిన పెద్ద విదేశీ కారు అమ్మకానికుందని తెలిసి కొనేశాను.

మా చిన్నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏనుగుని కొన్నావు సరే, మేపగలవటే? నడిదారిలో ఆగిపోతే మీ అమ్మని భుజాన మోస్తావా?" అన్నాడు. ఆ మాటకు భయపడే మేస్త్రీ గారి రేకుల షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాను.

"మేపలేక కాదమ్మా ఇట్టాంటి బళ్ళు వదిలేసేది. దానికేం కావాలో ఎవరూ అడగరు," అన్నారాయన.

అడగడమే ఆయన పని. పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. తర్వాత ప్రశ్నలు మొదలు. చప్పుడు పొద్దున్నే వస్తుందా, వేడెక్కాక వస్తుందా? బ్రేకు తొక్కితేనా, వదిలితేనా? తెలియదంటే, "అయితే రెండ్రోజులు విని రండి" అని పంపేసేవారు. పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నేను ఆయన ముందు హోంవర్క్ చెయ్యని పిల్లలా నిలబడేదాన్ని. "పాత బండిలో ఇనుముకేం కాదమ్మా, రబ్బరుకే ముసలితనం వచ్చుద్ది" అంటూ నీళ్ళ గొట్టాలన్నీ బొటనవేలితో నొక్కి చూపించేవారు. గట్టిపడిందేదో, పగలబోయేదేదో నా వేలికి కూడా తెలిసేదాకా వదిలేవారు కాదు.

ఒకసారి కారు ఎక్కడో టక్కుమంటోంది. ఆయన నడిపి చూశారు, నేను నడిపాను. ఇద్దరికీ అంతు చిక్కలేదు. ఆయన వెనక తలుపు తీసి, అమ్మ ముందు గొంతుక్కూర్చున్నారు.

"పెద్దమ్మగారూ, మీరు చెప్పండి. ఎక్కడ తగులుతోంది?"

ప్రమాదం తర్వాత అమ్మను ఎవరూ ఏదీ అడగడం లేదు. ఎత్తడం, దించడం, పడుకోబెట్టడం, అంతే. నేనూ అంతే. అమ్మ చేత్తో సీటు ఎడం పక్క తట్టి, "ఎడం పక్కన నాయనా. గుంటలో పడ్డప్పుడు కాదు, లేచేటప్పుడు," అంది.

చక్రం విప్పితే, ఎడం పక్క కుదుపు ఆపే రబ్బరు బుష్ చిరిగిపోయి ఉంది. "నా స్క్రూడ్రైవరు కంటే మీ నడుమే నయమండీ" అన్నారాయన. ఆ రోజు నుంచి అమ్మ దారంతా చెవులు రిక్కించుకుని కూర్చునేది. ఆ మాటొక్కటి చాలు, ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉండటానికి.

నా తెలివి గురించీ చెప్పాలి. బానెట్లో ఎలుకలు దూరి వైర్లు కొరికాయి. మన ఊరి మందు మన దగ్గరే ఉంది కదా అని, తేజా మిరపకాయలు దంచి మూటగట్టి ముందు అద్దం కిందగా పెట్టాను. కారులోకి గాలి వెళ్ళేది అక్కడి నుంచేనని తట్టలేదు. ఏసీ వేయగానే అమ్మకు దగ్గు. దగ్గిన ప్రతిసారీ నడుం పట్టుకుని విలవిల్లాడింది. ఏడుస్తూ షెడ్డుకు తోలాను. ఆయన తలుపులన్నీ తీసి, అమ్మకు మంచినీళ్ళిచ్చి, దగ్గు తగ్గేదాకా పక్కనే నిలబడ్డారు. అప్పుడు బానెట్ ఎత్తారు.

"ఏ కాయమ్మా?"

"తేజా."

"ఘాటు మనకు తగిలింది సరే, ఎలక్కి తగిలిందో లేదో చూద్దాం" అని టార్చి వేశారు. మూట పక్కనే, దాన్ని ఆనుకుని, ఎలుక గూడు పెట్టింది. "గుంటూరు ఎలకలండీ పెద్దమ్మగారూ! కారం లేకపోతే వీటికి ముద్ద దిగదు." నవ్వితే నొప్పని తెలిసీ అమ్మ నవ్వింది.

మంగళవారం సాయంత్రం సమాధుల తోటకు తనూ వస్తానంది అమ్మ. శవపెట్టె ఉన్న బండి ముందు నడక వేగంతో వెళుతోంది. జనం చర్చి పాట పాడుతూ దాని వెనక. అందరికంటే వెనక మేము. ఎండ ఇంకా దిగలేదు. పాత ఇంజను అంత నెమ్మదిగా పోతే వేడెక్కుతుంది. వేడి చూపే సూది ఎర్ర గీత వైపు పాకింది.

"పక్కకు ఆపేస్తానమ్మా."

"వద్దు. ఆయన నన్నెప్పుడన్నా నడిదారిలో దించాడా? నేనూ ఆయన్ని సగంలో వదలను."

హీటర్ పూర్తిగా తిప్పితే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుందనీ, కాసేపు మనం ఉడికితే అది చల్లబడుతుందనీ ఆయనే ఒకసారి ఫోన్లో చెప్పారు. ఆ మాటే అమ్మకు చెప్పాను.

"పెట్టు," అంది.

అద్దాలు దించి హీటర్ తిప్పాను. వడగాలి మొహాన కొట్టింది. సూది ఒక్క క్షణం ఆగి, మెల్లగా కిందికి దిగసాగింది. అద్దంలో చూశాను. అమ్మ చెమటలో తడిసిపోయి, సీటుకు ఆనకుండా నిటారుగా కూర్చుని, తనకు రాని ఆ పాటకు పెదవులు కదుపుతోంది.