కట్టెలోకి చేరిన రాయి

మా నాయిన హసన్‌పర్తి రోడ్డు పక్కన పాక వేసుకుని రోళ్లు, విసుర్రాళ్లు చెక్కేవాడు. అమ్మ పక్కనే కూర్చుని వాటిని నున్నగా రుద్దేది. సాయంత్రానికి ఇద్దరి కనురెప్పలూ తెల్లబడేవి. పని దిగాక తలా ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్లు. బెల్లం తింటే దుమ్ము గొంతు దిగి కడుపులోంచి పోతుందని మావాళ్ల నమ్మకం. నాయినకు దగ్గు ముదిరిన ఏడాది బెల్లం ముక్క పెద్దదైంది, అంతే.

డెబ్బైలు ముగుస్తున్న రోజులు. నేను ఎనిమిదో తరగతి. ఒక కాలేజీ సారు స్కూటర్ మీద చిన్న మొద్దు తెచ్చాడు. గోదావరి వైపు అడవిలో దొరికిందట, అడ్డంగా కోసి నునుపు చేయమన్నాడు. చూడ్డానికి అచ్చం కట్టె. నాయిన ఉలి పెట్టి కొడితే నిప్పురవ్వలు లేచాయి.

“గిది కట్టె కాదు సారూ, రాయి,” అన్నాడు నాయిన.

“ఒకప్పుడు కట్టెనే. మట్టిల కూరుకపోయింది. నీళ్లల్ల కరిగిన సిలికా కొంచెం కొంచెం లోపలికి పోయి కట్టె ఉన్న జాగంత పట్టింది. లక్షల ఏండ్లకు గిట్లయింది. పైకి మాత్రం ఏం మారలే. నువ్వు కొట్టే రాళ్లల్ల గూడ ఆ సిలికానే ఉంటది.”

నాయిన నవ్వి పనిలో పడ్డాడు. లక్షల ఏళ్ల మాట నా చెవికెక్కలేదు. మా ఇంట్లో రోజూ ఊపిరితో లోపలికి పోతున్నది ఆ సిలికా పొడే కదా అని ఒకటే భయం. మధ్యాహ్నం నాయిన కునుకు తీస్తుంటే ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. మెత్తగానే ఉండేది. అయినా నమ్మకం కుదిరేది కాదు. నాయిన కసిరినా నేను మానలేదు. చివరికి రెండు రోజులు అన్నం మానేసి, మొండికేసి, ఇద్దరినీ హన్మకొండ దవాఖానకు లాక్కుపోయాను.

డాక్టరు నాయిన ఎక్స్‌రే చూశాడు. “రాతి పొడి ఊపిరితిత్తులల్ల పేరుకున్నది. ఇగ ఈ పని బంద్ చెయ్యి.”

“రోజూ బెల్లం తింటనే ఉన్నం గద సారూ,” అంది అమ్మ.

“బెల్లం పోయే తొవ్వ వేరమ్మా, దుమ్ము పోయే తొవ్వ వేరు. నువ్వు గూడ ఆ దుమ్ములనే కూసుంటవా?”

“కూసుంట. నాకు దగ్గు లేదు, ఏం లేదు. మంచిగనే ఉన్న.”

అయినా అమ్మకూ ఎక్స్‌రే తీయించాడు. అది వచ్చాక రెండింటినీ పక్కపక్కన కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. కాసేపటికి నాయినది దించేశాడు. అమ్మది దించలేదు.