స్లామ్ అనే మాట

“మెల్లగా ఎయ్ మే, ముసలామె పండుకోనుంది.”

“సరేలే, నువ్వు పో.”

నాకూ మా ఆయనకూ నడిచిన చివరి మాటలివే. కారు తలుపు గురించి. (రాస్తున్నది మా అక్క కూతురు. నవ్వొస్తే నవ్వుకో అమ్మీ, రాయడం మాత్రం ఆపొద్దు.)

కువైట్‌కు వచ్చిన ఆ రోజుల్లో మా ఇద్దరికీ రుమైథియాలో ఒకే ఇంట్లో పని. ఆయన డ్రైవరు, నేను వంటింట్లో. ఇంటి యజమానురాలిని అక్కడ ‘మామా’ అని పిలవాలి. మా కడప పక్క పల్లె జీపుల తలుపులు గుంజి కొడితేగాని పడవు. ఆ అలవాటుతోనే మామా కొత్త కారు తలుపును మొదటి రోజే నా బలమంతా పెట్టి వేశాను. మామా మేడ మీది నుంచి “నో స్లామ్” అని కేకేసింది. అదేం మాటని ఆయన్ను అడిగితే, విసరడం, బాదడం, మూయడం మూడూ కలిపి ఒకటే మాటన్నాడు. కోపంతో వేసినా అదేనా, తెలియక వేసినా అదేనా అంటే, అదేనన్నాడు. అంత పెద్ద భాషలో నాకోసం ఇంకో మాట లేకపోయిందే అని ఏడుపొచ్చింది. కాలేజీ చదివే మామా కూతురు ఫోన్‌లో చూసి, అది ఇంగ్లీషు వాళ్ల సొంతం కాదేమో, ఉత్తరాన చలిదేశాల నుంచి వచ్చుంటుంది, చప్పుడులోంచే పుట్టుంటుంది అని చెప్పిందట.

“మన మాదిరే వలసొచ్చింది మే. దానికి ఈడ ఉండే కాయితం, ఇఖామా, ఉందో లేదో” అన్నాడాయన.

ఏళ్లు గడిచినా నా చేయి మారలేదు. నేను దబ్బున వేయడం, ఆయన హారన్ నొక్కి నవ్వుతూ పోవడం. అదే మా సెలవు.

ఆ పొద్దు మామా తల్లి జబ్బుతో కింది గదిలో నిద్రపోతోంది. టిఫిన్ డబ్బా సీటు మీద పెట్టి, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు తలుపు వేశాను, బతుకులో మొదటిసారి. అది పడనే లేదు. గేటు దగ్గర కారు ఆపి, ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి తానే వేశాడు. దబ్. ముసలామెను లేపింది ఆయనే. నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు. హారన్ కొట్టలేదు.

ఆ పొద్దే మిష్రిఫ్‌లో పిల్లల బడి ముందు, కూర్చున్న సీట్లోనే ఆయన గుండె ఆగిపోయింది. డబ్బా మూత తీయనే లేదు.

ఇప్పుడు ఏ కారు దిగినా మెల్లగానే వేస్తాను. పడదు. ఎవరో ఒకరు విసుక్కుంటూ దిగి మళ్లీ వేస్తారు. వచ్చిన రోజే ఇల్లంతా అదరగొట్టిన ఆ పడుచుపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత ధైర్యమో దాని చేతికి.

అమ్మీ, ఆయన ఏసిన సప్పుడు రాసినావా? ఏదీ, ఆడి నుంచి ఒకసారి సదువు.