ఇంజిన్ మా ఇంట్లో, వల వాళ్ళింట్లో

మా ద్వీపాలకు అసెంబ్లీ లేదు. ముఖ్యమంత్రి లేడు, మంత్రులు లేరు. దీవులన్నిటికీ కలిపి ఢిల్లీకి పంపేది ఒక్క ఎంపీని. ఆ తర్వాత మిగిలేది పంచాయతీ. ఇంత తక్కువ సరుకుతో కూడా మనుషులు ఇంతలా కొట్టుకు చావచ్చని నాకు సునామీ తర్వాతే తెలిసింది. రాజకీయం చెయ్యడానికి పెద్ద రాష్ట్రమేమీ అక్కర్లేదు, ఒక చెక్క పడవ చాలు.

మాది మాయాబందర్, పోర్ట్ బ్లెయిర్‌కి ఉత్తరాన. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే సర్కారు బళ్ళో చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించాను. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, కోపం వస్తే రెండూ. మా అన్నయ్యా, మా ఆయనా చేపల వేట మీద బతికేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే డుంగీ. ఇక్కడ చెక్క పడవని అలాగే అంటారు. ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు, తిట్టుకునేటప్పుడు కూడా అదే పిలుపు. మా వదిన నన్ను ఏడిపించేది. "మీ ఆయన నిన్ను కాదే చేసుకున్నది, మీ అన్నయ్యని" అనేది. ఆ మాటకి నాకు కోపం వచ్చేది కాదు, లోపల గర్వంగానే ఉండేది. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే పడవలో వెళ్ళి ఒకే పడవలో వస్తుంటే ఆడదానికి ఇంకేం కావాలి?

సునామీ వచ్చిన ఆదివారం క్రిస్మస్ మర్నాడని ఇద్దరూ వేటకి వెళ్ళలేదు. అదే మమ్మల్ని బతికించింది. పొద్దున్నే భూమి ఊగింది, నిలబడ్డవాళ్ళం నిలబడ్డట్టే కూలబడ్డాం. కాసేపటికి జెట్టీ దగ్గర నీళ్ళు వెనక్కి పోతున్నాయని ఎవరో అరిచారు. అందరం కొండ రోడ్డు పట్టాం. మా అన్నయ్య మా అమ్మని వీపున వేసుకున్నాడు. అన్నయ్య కూతురు చిన్నది, నడవలేక ఏడుస్తుంటే మా ఆయన దాన్ని మెడ మీద కూర్చోబెట్టుకుని పైదాకా పరిగెత్తాడు. పైనుంచి చూస్తే మా డుంగీ జెట్టీ స్తంభానికి కొట్టుకుని రెండు ముక్కలైంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూశారు. "పోతే పోయింది బావా, మనం ఉన్నాం గదా" అన్నాడు మా అన్నయ్య. చాలా రోజులు బడి వరండాలో అందరితో పాటు పడుకున్నాం. వాళ్ళిద్దరూ ఒకే పళ్ళెంలో కిచిడీ తిన్నారు. కష్టం మనుషుల్ని కలుపుతుందని అప్పట్లో నేను కూడా అందరిలాగే నమ్మాను. నమ్మినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సాయం మొదలైంది. పడవలు పోయినవాళ్ళకి కొత్త పడవలన్నారు. పోయింది ఒకటే కాబట్టి మా అన్నయ్యకీ, మా ఆయనకీ కలిపి ఒక పడవ వచ్చింది. కొత్తది, బరువైన ఎర్ర చెక్క, మంచి పనితనం. ఇంజిన్, వల దానితోపాటే వచ్చాయి. సరిగ్గా అప్పుడే పంచాయతీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. ఊళ్ళో రెండు పార్టీలు. పేర్లెందుకు, నాకు అప్పుడూ తేడా కనబడలేదు. ఒక పార్టీ లీడరు మా అన్నయ్యని పిలిచి, "ఈ బోటు మేం తెచ్చాం, మీటింగులో ఆ మాట చెప్పు" అన్నాడు. రెండో పార్టీ లీడరు మా ఆయన్ని పిలిచి అదే మాట అన్నాడు. వీళ్ళిద్దరూ ఆ రాత్రే కూర్చుని నవ్వుకుంటే అయిపోయేది. నవ్వుకోలేదు. ఎవరికి వాళ్ళు, "నన్ను పేరు పెట్టి పిలిచాడే!" అని పొంగిపోయారు. జీవితంలో వీళ్ళని పేరు పెట్టి పిలిచిన పెద్దమనిషి ఎవడున్నాడు మరి!

ఆ పడవకి రెండుసార్లు కొబ్బరికాయ కొట్టారు, రెండు మైకులు పెట్టారు. మా అన్నయ్య మనుషులు ముక్కు వైపు తమ రంగు పూశారు. మర్నాడు మా ఆయన మనుషులు వచ్చి వెనక సగానికి తమ రంగు పూశారు. ఆ పూట మాటా మాటా పెరిగింది. మా ఆయన ఇంజిన్ విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. అది విని అన్నయ్య వలా, చుక్కానీ వాళ్ళింటికి మోయించుకుపోయాడు. ఇంజిన్ లేకుండా వల ఏం చేసుకుంటారు? వల లేకుండా ఇంజిన్ ఏం చేసుకుంటారు? ఆ మాటే అడిగాను.

"నువ్వు సర్కారీ నౌకరీ చేస్తన్నావ్. నోర్ముయ్. ఇది పొలిటిక్స్" అన్నాడు మా ఆయన.

"ఏటి పొలిటిక్స్? మంచం కింద ఇంజిన్ పెట్టుకోవడమా?" అన్నాను.

అన్నయ్య దగ్గరికి వెళ్తే ఆయన ఇంకో రకం. "మీ ఆయన్ని మా లీడర్ దగ్గిరికొచ్చి సారీ చెప్పమను. కల్ సుబహ్, పొద్దున్నే బోటు దింపేస్తాం" అన్నాడు. సారీ చెప్పవలసింది లీడరుకట, బావకి కాదట! మా వదిన తలుపు వెనక నిలబడి కళ్ళు తుడుచుకుంది.

ఎన్నికలు అయ్యాయి. ఒకడు గెలిచాడు, ఒకడు ఓడాడు. గెలిచినవాడు కాంట్రాక్టులు చేసుకున్నాడు, ఓడినవాడు గెలిచినవాడి దగ్గర కంకర కాంట్రాక్టు చేసుకున్నాడు. పడవ మాత్రం ఒడ్డునే ఉంది. వానలకి బోర్లా తిప్పారు, అది కూడా విడివిడిగా కూలివాళ్ళని పెట్టి. నా జీతం మీద రెండిళ్ళూ నడిచాయి. వదినకి నేను బియ్యం దొంగతనంగా పంపేదాన్ని, అన్నయ్యకి తెలిస్తే తిననంటాడని. మా ఆయన ఇతరుల బోట్ల మీద కూలికి వెళ్ళేవాడు, అన్నయ్య జెట్టీ దగ్గర మూటలు మోసేవాడు. ఇద్దరూ సాయంత్రం ఒడ్డుకొచ్చి ఆ బోర్లించిన పడవకి చెరో వైపు కూర్చుని బీడీలు కాల్చేవారు. చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ కాలంలోనే బర్మావాళ్ళు వచ్చారు. వచ్చారంటే, పట్టుబడ్డారు. మన నీళ్ళలోకి దూరి సముద్రంలో ఏవో పట్టుకుంటుంటే దొరికారు. శిక్ష అయిపోయింది, తిరిగి పంపడానికి ఓడ కుదరలేదు. జెట్టీ వెనక రేకుల షెడ్డులో పెట్టారు. సాయంత్రం పూట ఒక పోలీసును కాపలా పెట్టి ఒడ్డు మీద తిరగనిచ్చేవారు. వాళ్ళ తండేలు, అంటే పడవ నడిపే పెద్ద, గడ్డం నెరిసిన మనిషి. ఆయన బెత్తం చీల్చి, అల్లి, పిడికిలి కన్నా పెద్ద గుల్ల బంతి ఒకటి చేశాడు. అందరూ గుండ్రంగా నిలబడి దాన్ని పాదంతో, మోకాలితో, మడమతో ఎగరేసేవారు. చేత్తో ముట్టరు, కింద పడనివ్వరు. అంతే ఆట.

బడి నుంచి వస్తూ నేను రోజూ ఆగి చూసేదాన్ని. మొదటి రోజు నాకు అర్థం కాలేదు. టీములు ఏవి? పాయింట్లు ఎవరు లెక్క పెడుతున్నారు? ఆట అయ్యాక తండేలును అడిగాను, "కౌన్ జీతా?" అని. ఎవరు గెలిచారని అడిగితే ఆయన అయోమయంగా చూశాడు. జైల్లో నేర్చుకున్న రెండు ముక్కల హిందీలో, "జీతా నహీఁ. ఖేలా" అన్నాడు. గెలవలేదమ్మా, ఆడాం అని. నేను ఇంటికి వెళ్ళేదాకా ఆ మాటే అనుకుంటూ వెళ్ళాను.

ఆ ఆటలో నేను కళ్ళారా చూసింది చెబుతాను. వాళ్ళలో ఒకడికి కాలు సరిగా లేదు. వాడి వైపు బంతి పంపేటప్పుడు ప్రతివాడూ మెత్తగా, మోకాలి ఎత్తులో పంపేవాడు. వాడు పడేస్తే అందరూ నవ్వి, బంతి తీసి మళ్ళీ వాడికే ఇచ్చేవారు. పక్కవాడు బాగా ఆడితేనే నా వంతు వస్తుంది, అందుకని పక్కవాడు బాగా ఆడాలి. దేశం కాని దేశంలో, ఖైదీలుగా ఉండి, ఇంటికి ఎప్పుడు వెళ్తారో తెలియనివాళ్ళకి ఇంత మర్యాద ఎక్కడిది? మా ఊళ్ళో ఇంటికి కూతవేటు దూరంలో ఉండి, కడుపునిండా తింటున్నవాళ్ళకి ఎందుకు లేదు?

ఒక సాయంత్రం బంతి దొర్లుకుంటూ మా ఆయన కాళ్ళ దగ్గరకొచ్చింది. తన్నాడు. తండేలు రమ్మని చెయ్యూపాడు. మా ఆయన సిగ్గుపడుతూ లుంగీ ఎగ్గట్టి వెళ్ళాడు. రెండు మూడు రోజులయ్యాక అన్నయ్యని కూడా పిలిచారు. పడవకి ఇటు ఒకడు, అటు ఒకడు ఎందుకు కూర్చుంటారో వాళ్ళకేం తెలుసు! ఇద్దరూ ఒకే గుంపులో నిలబడ్డారు, మొహాలు పక్కకి తిప్పుకుని. బంతి వాళ్ళ మొహాలు చూడదు కదా. ఒకసారి అన్నయ్య మడమతో వెనక్కి ఎగరేశాడు, అది గాల్లో మా ఆయన వైపు వెళ్ళింది. "బావా, నీదే!" అని అరిచాడు అన్నయ్య. అరిచాక నాలిక కరుచుకున్నాడు. మా ఆయన బంతిని మోకాలి మీదకి తీసుకుని తిరిగి అన్నయ్యకే పంపాడు. బర్మావాళ్ళు ఈలలేశారు. నేను రోడ్డు మీద నిలబడి పుస్తకాల సంచీ పట్టుకుని ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

ఆ రాత్రి మా ఆయన మంచం కింద నుంచి ఇంజిన్ లాగి, కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఏమీ అడగలేదు నేను. అడిగితే ఎక్కడ మానేస్తాడోనని భయం. మర్నాడు వదిన బడికి వచ్చి చెవిలో చెప్పింది, "మీ అన్నయ్య వల బయటికి తీసి అతుకులు చూస్తన్నాడే" అని.

వారం తిరక్కుండానే లీడర్లకి తెలిసింది. ఒడ్డున జనం చేరుతున్నారంటే వాళ్ళకి నిద్ర పడుతుందా? టోర్నమెంటన్నారు. ఒక పార్టీ కప్పు పెట్టింది, రెండో పార్టీ షామియానా వేసింది. గెలుపూ ఓటమీ లేని ఆటని నడిమికి నరికి, మధ్యలో నెట్టు కట్టి, అటు ఒక జెండా ఇటు ఒక జెండా పాతారు. బర్మావాళ్ళని కూడా సగం అటూ సగం ఇటూ పంచారు. తండేలు చేతులు జోడించి వద్దన్నాడు. ఆ మనిషి మాట ఎవడు వింటాడు! మా అన్నయ్య ఒక వైపు, మా ఆయన ఒక వైపు.

మొదట్లోనే గొడవ. బంతి గీత లోపల పడిందని ఒకరు, బయట పడిందని ఒకరు. అన్నయ్య వచ్చి మా ఆయన చొక్కా పట్టుకున్నాడు. నలుగురూ విడదీస్తుండగా మా ఆయన ఊరంతా వినేట్టు అరిచాడు. "ఆ రోజు నీ కూతుర్ని కొండెక్కించకుండా వదిలేసుండాల్సింది!"

ఆ పిల్ల అక్కడే ఉంది, మా వదిన కొంగు పట్టుకుని. అన్నయ్య చొక్కా వదిలేశాడు. కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ మాట అన్న క్షణమే తెల్లబోయాడు, నాకు తెలుసు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు వీపు తట్టి, "బాగా గడ్డి పెట్టావ్ భయ్యా" అన్నారు. ఆ తట్టడంతో ఆయన నోట్లోంచి రావలసిన క్షమాపణ లోపలికే పోయింది. ఇంట్లో నేను ఎన్ని తిట్టానో, ఎంత బతిమాలానో చెప్పను. "ఇప్పుడెళ్తే మన పార్టీ పరువేం గాను?" అన్నాడు. పరువట!

మర్నాడు రెండు పార్టీల లీడర్లూ జన్మలో మొదటిసారి కలిసి ఒక పని చేశారు. పరదేశీల వల్లే ఊళ్ళో గొడవలొస్తున్నాయని ఇద్దరూ సంతకాలు పెట్టి ఫిర్యాదు ఇచ్చారు. ఆ సాయంత్రం నుంచి బర్మావాళ్ళని షెడ్డు దాటనివ్వలేదు. కొన్నాళ్ళకి లారీ ఎక్కించి పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళారు. నేను అప్పుడు క్లాసులో ఉన్నాను.

ఆ తర్వాత నుంచి మా ఇంట్లో వార్తలు పెట్టనివ్వను. టీవీలో నలుగురు కూర్చుని అరుచుకుంటుంటే రిమోట్ లాక్కుని ఆటల ఛానల్ పెడతాను. ఏ దేశపు పిల్లో తెలియదు, పరుగు పందెంలో పడిపోయిన ఇంకో దేశపు పిల్లని లేపి, తన పరుగు పోయినా సరే భుజం పట్టుకుని నడిపించింది ఒకసారి. ఓడిన కుస్తీవాడు గెలిచినవాడి చెయ్యి పైకెత్తడం చూశాను. అలాంటివి చూసిన రాత్రి అన్నం సహిస్తుంది. ప్రపంచం మొత్తం మా ఊరిలా లేదన్న ధైర్యం అది. నాకు దొరికిన ఊరట అంతవరకే, అది కూడా గాజు తెర అవతల.

ఏళ్ళు గడిచాయి. ఇంజిన్ తుప్పు పట్టింది, వలని ఎలుకలు కొట్టేశాయి. అన్నయ్య మా గుమ్మం తొక్కలేదు. అమ్మ పోయినప్పుడు కూడా వాళ్ళిద్దరూ పాడెకి చెరో వైపు నడిచారు. అప్పుడు ఒక రోజు మా ఆయన వాళ్ళ లీడరు వచ్చి అన్నయ్య పార్టీలో చేరిపోయాడు. ఎందుకు చేరాడో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇద్దరు లీడర్లూ దండలు మార్చుకుని కౌగలించుకున్నారు. వాళ్ళతో పాటు మా ఆయన కూడా కొత్త కండువా వేసుకున్నాడు. ఇప్పుడు మా ఇంటి మీదా, అన్నయ్య ఇంటి మీదా ఒకటే జెండా.

ఆ సందర్భంగా ఒడ్డు మీద విందు. వానాకాలం, కట్టెలు తడిసి అంటుకోవడం లేదు. "అదిగో, ఆ బోటు చెక్క ఎండుగానే ఉంటాది లోపల" అన్నాడు లీడర్లలో ఒకడు. ఏ లీడరో నాకు గుర్తులేదు. మా ఆయన గొడ్డలి తెచ్చాడు. బోర్లించిన పడవ అంచు కదులుతుంటే ఇంకొకరు పట్టుకోవాలి. పట్టుకోవడానికి అన్నయ్య ముందుకొచ్చాడు.

నేను బిర్యానీకి ఉల్లిపాయలు కోస్తున్నవాళ్ళ మధ్య నిలబడి ఉన్నాను. మా ఆయన గొడ్డలి ఎత్తాడు. అన్నయ్య తలెత్తి, ఇన్నేళ్ళ తర్వాత ఆయనతో మొదటి మాట మాట్లాడాడు.

"అక్కడ కాదు, ఇక్కడ కొట్టు."

మా ఆయన అన్నయ్య చూపించిన చోటే కొట్టాడు.