నోరు మూసుకుని చచ్చిన ముక్క

ఆస్ట్రేలియా దక్షిణ కొసన, హోబర్ట్ రేవు పక్కన మా ఆఫీసులో గ్లెనిస్ పైబస్ గొంతు వినపడని రోజు లేదు. వాళ్ల నాన్న మాకు దక్షిణాన ఉన్న డోవర్ ఊళ్లో పెద్ద రొయ్యలు పట్టే పడవ నడిపేవాడు. ఇంజను హోరులో మాటలు నేర్చిన మనిషికి మెల్లగా మాట్లాడటం ఎలా వస్తుంది? ఆమె రాసే ప్రోగ్రాములూ అంతే.

తుఫానొస్తే సముద్రం ఊళ్లోకి ఎంత దూరం వస్తుందో లెక్కగట్టడం మా పని. సముద్రాన్ని వేల ముక్కలు చేసి ఒక్కో ముక్కనూ ఒక్కో ప్రాసెసర్‌కి అప్పగిస్తాం. ప్రతిదీ తన లెక్క చేసుకుని, పక్క ముక్కలో నీటిమట్టం ఎంతో అడిగి, జవాబు వచ్చాకే ముందుకు కదులుతుంది. ఒకటి చడీచప్పుడు లేకుండా చచ్చిందంటే మిగతావన్నీ ఆ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. అందుకే గ్లెనిస్ ఒక కట్టడి పెట్టింది. అసాధ్యమైన అంకె తగిలిన ముక్క తన పేరు, చోటు చెప్పి అరవాలి. అందరినీ ఆపెయ్యాలి.

మావాళ్ల ఆచారం ఇంకొకటుంది. ఎవరి భాగం వల్ల రన్, అంటే నడుస్తున్న లెక్క, ఆగిపోతే వాళ్లు పదిన్నర టీకి కొబ్బరిపొడి అద్దిన లామింగ్టన్ కేకులు తేవాలి, తిన్నంతసేపూ అందరిచేతా మాటలు పడాలి. నదీముఖాల లెక్క చూసే డెర్మట్ స్కల్‌థార్ప్ ఆ శీతాకాలమంతా కేకులు మోస్తూనే ఉన్నాడు.

"బేకరీవాడు నీకు వాటా ఇస్తున్నాడేంట్రా?" అనేవాళ్లు. నవ్వేసేవాడు, పాపం. గ్లెనిస్ మాత్రం ఆ కేకులు ముట్టేది కాదు.

జూన్ చివర్లో, మాకది చలికాలమే, బర్నెట్ పాయింట్ అనే ఊరికి ముంపు పటం చెయ్యాల్సి వచ్చింది. సముద్రపు గోడ ఎక్కడ కట్టాలో శుక్రవారం కౌన్సిల్ ఆ పటం చూసే తేలుస్తుంది. కాన్‌బెర్రాలో ఉన్న పెద్ద కంప్యూటర్ మీద మా వంతు సమయం గురువారంతో సరి. రన్ మొదలెట్టాం. రెండు రోజులైనా ఒక్క కొత్త అంకె రాలేదు.

"పెద్ద లెక్క కదా, టైం పడుతుంది," అన్నాడు మా పై అధికారి వార్విక్.

"టైమూ లేదు, గీమూ లేదు. ఏదో చచ్చింది. ఆపేస్తున్నా," అంది గ్లెనిస్.

"రెండు రోజుల పని పోతుంది గ్లెనిస్. ముట్టుకున్నావంటే జవాబుదారీ నీదే."

"నాదే. రాసుకో," అని ఆపేసింది.

చూస్తే చచ్చింది డెర్మట్ ముక్కే. ప్రోగ్రాములో అరవమనే వరుస తీసేసి, గుట్టుగా తప్పుకునే వరుస పెట్టుకున్నాడు.

"ఎందుకు చేశావయ్యా ఈ పని?" అన్నాడు వార్విక్.

డెర్మట్ తలెత్తలేదు. "ఇంకెన్నాళ్లు నవ్వులపాలవ్వమంటారు?"

గ్లెనిస్ మొహం ఎర్రబడింది. "విన్నారా? వాడి నోరు నొక్కింది మనమే!" అని మా అందరి మీదా విరుచుకుపడింది.

అరుపు మళ్లీ పెట్టి నడిపితే కాసేపట్లోనే రన్ ఆగి చోటు చెప్పింది. నదీముఖంలో ఒకచోట లోతు పొరపాటున సున్నా అని పడింది. డెర్మట్ దాన్ని సరిచేశాడు. కానీ మిగిలిన సమయంలో సగం తీరమే తేలింది. మిగతా సగం పాత అంకెలతో నింపెయ్యమన్నాడు వార్విక్.

"నింపను. తెలియనిచోట తెల్లగానే ఉంటుంది," అంది గ్లెనిస్.

"ఊరందరి ముందూ పరువు పోతుంది!"

"పోనీ. నింపాలంటే ముందు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్."

శుక్రవారం కౌన్సిల్ హాల్లో పటం గోడ మీద పడింది. సగం నీలం, సగం తెలుపు. ఆ తెలుపు చూస్తే నాకైతే గర్వంగానే అనిపించింది.

"ఆ తెల్లదేంటమ్మా, మంచు కురిసిందా?" అన్నాడు మేయర్. అందరూ నవ్వారు.

"అది మాకు తెలియని చోటు. లెక్క తేలేదాకా అక్కడ గోడా కట్టకండి, ఇళ్లూ కట్టకండి," అంది గ్లెనిస్.

"ఎవరి నిర్వాకం ఇది?"

ఆమె జవాబు చెప్పేలోపే వెనక వరుసలోంచి డెర్మట్ లేచాడు. "నాది. తప్పు తగిలితే చెప్పకుండా దాచాను," అన్నాడు, హాలంతా వినపడేలా. జనం గొల్లున నవ్వారు.

గ్లెనిస్ బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. "నవ్వండి! రేపు మీ గోడ బీటలిస్తే, చూసినవాడు కూడా ఈ నవ్వుకి జడిసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్లి పడుకుంటాడు."

నవ్వు ఆగిపోయింది. ఆమె తన పక్కకి ఒక కుర్చీ లాగింది.

"ఇలా వచ్చి కూర్చో డెర్మట్. ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు. వీళ్లు వింటారు."